ఊరి పేరు మోసిన ఆట: మిన్నెసోటా పల్లెల్లో బేస్‌బాల్ తొలి రోజులు

1857లో అమెరికాలోని మిన్నెసోటాలో, మిసిసిపీ నది ఒడ్డున నినింజర్ అనే ఊరు ఉండేది. ఊరు అనే కన్నా వెంచర్ అంటే మనకు బాగా అర్థమవుతుంది. ఇగ్నేషియస్ డొనెలీ అనే పాతికేళ్ల లాయరు, జాన్ నినింజర్ అనే భాగస్వామితో కలిసి అక్కడ ప్లాట్లు వేసి అమ్ముతున్నాడు. తూర్పు రాష్ట్రాల నుంచి, యూరప్ నుంచి జనాన్ని రప్పించడానికి ఏకంగా ఒక పత్రికే నడిపాడు. దాని పేరు ఎమిగ్రెంట్ ఎయిడ్ జర్నల్. మిన్నెసోటాలో బేస్‌బాల్ ఆడినట్టు ఇప్పటికి తెలిసిన మొదటి ప్రస్తావన ఆ పత్రికలోనే, ఆ ఏడాదే వచ్చింది. మా ఊళ్లో బేస్‌బాల్ క్లబ్బు ఉంది అని!

అప్పటికి మిన్నెసోటా ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. రైలు లేదు, రావాలంటే స్టీమరు ఎక్కాల్సిందే. అలాంటి చోట బేస్‌బాల్ క్లబ్బు గురించి అచ్చువేయడం ఎందుకు? ఇప్పటి వెంచర్ బ్రోచర్లలో క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్ బొమ్మలు ఎందుకుంటాయో అందుకే. ఇక్కడ అడవి మనుషులు లేరు, మీలాంటి నాగరికులే ఉన్నారు, భయపడకుండా వచ్చి ప్లాటు కొనుక్కోండి అని చెప్పడం. అదే ఆగస్టులో దేశమంతా ఆర్థిక సంక్షోభం మొదలై, భూముల ధరలు కుప్పకూలి నినింజర్ కొన్నాళ్లకే ఖాళీ అయిపోయింది. డొనెలీ తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. ఊరు మాత్రం మళ్లీ లేవలేదు.

అమెరికా చిన్న ఊళ్ల బేస్‌బాల్ గురించి చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ చరిత్రను మామూలుగా ఒక మధురమైన బొమ్మలా చెబుతారు: పొలం పని ముగించుకున్న కుర్రాళ్లు, మొక్కజొన్న చేను పక్కన పచ్చిక, డబ్బు మాట లేని స్వచ్ఛమైన ఆట. పచ్చిక నిజమే. కుర్రాళ్లూ నిజమే. కానీ "పల్లె ఆట", "డబ్బు లేని ఆట" అనే రెండు మాటలూ కాస్త విప్పి చూడాలి.

మొదట పల్లె సంగతి. బేస్‌బాల్‌ను 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఆబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడని చాలాకాలం స్కూలు పిల్లలకు చెప్పారు. 1905లో వేసిన ఒక కమిషన్, ఆబ్నర్ గ్రేవ్స్ అనే ముసలాయన రాసిన ఉత్తరాన్ని నమ్మి అలా తేల్చింది. 1839లో డబుల్‌డే కూపర్స్‌టౌన్‌లోనే లేడు, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదువుకుంటున్నాడు. అయినా ఆ కథ ఎంత బలంగా పాతుకుందంటే, బేస్‌బాల్ దిగ్గజాల స్మారక మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్‌ను 1939లో ఆ ఊళ్లోనే తెరిచారు. ఆ కమిషన్ వెనక ఉన్నవాడు ఆల్బర్ట్ స్పాల్డింగ్, ఆట సామాన్ల వ్యాపారి. ఈ పెద్దమనిషి ముందు ముందు మళ్లీ వస్తాడు.

అసలు జరిగింది రెండంచెలు. కర్రతో బంతిని కొట్టి పరిగెత్తే ఆటలు పల్లెల్లోనూ పట్నాల్లోనూ ముందునుంచీ ఉన్నాయి. టౌన్ బాల్, రౌండర్స్, ఓల్డ్ క్యాట్ అంటూ ఊరికో పేరు, ఊరికో పద్ధతి. చాలాచోట్ల పరిగెత్తేవాణ్ణి బంతితో కొడితే ఔట్. మనవాళ్లకు ఇది కొత్త కాదు, ఏడు పెంకులాటలో వీపు మీద బంతి దెబ్బ తిన్నవాళ్లకు బాగా తెలుసు. ఏడు పెంకులాటకు ఎలాగైతే వీధి దాటితే రూలు మారిపోతుందో, ఆ ఆటలకూ అంతే. పక్క ఊరితో పోటీ పెట్టుకోవాలంటే ముందు ఏ రూలు అన్నదాని మీదే గొడవ.

ఆ గొడవను తీర్చింది పట్నం. న్యూయార్క్‌లో గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, డాక్టర్లు కలిసి పెట్టుకున్న నికర్‌బాకర్ క్లబ్బు 1845లో రూల్స్ రాసి పెట్టుకుంది. మనిషిని బంతితో కొట్టడం తీసేసింది. 1857లో న్యూయార్క్ చుట్టుపక్కల క్లబ్బులన్నీ కూర్చుని తొమ్మిది ఇన్నింగ్స్, బేసుల (పరుగు తీసేవాడు ఒక్కోటి తాకుతూ చుట్టి రావాల్సిన గుర్తుల) మధ్య 90 అడుగులు అని ఖాయం చేశాయి. మసాచుసెట్స్ వాళ్లు వేరే ఆట ఆడేవాళ్లు, అక్కడ ముందుగా 100 పరుగులు చేసినవాళ్లే గెలిచినట్టు. ఆ పద్ధతి నిలవలేదు. అచ్చయిన రూల్సు ఉన్న న్యూయార్క్ ఆటే పత్రికల్లో, పోస్టులో, చేతి సంచుల్లో పడమరకు వెళ్లింది. పల్లెలు తమ పాత ఆటను వదిలి పట్నం రూల్స్ పట్టుకున్నాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. ఎదురుపడని రెండు ఊళ్లు ఆడుకోవాలంటే ఇద్దరికీ చెందని మూడోవాడి పుస్తకం ఒకటి కావాలి.

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) సైనికులు శిబిరాల్లో ఆడి, 1865లో ఇళ్లకు తిరిగి వెళ్తూ ఆటను ఊరూరా పంచారని అంటారు. సగం నిజం. యుద్ధానికి నాలుగేళ్ల ముందే నినింజర్‌లో ఆట ఉంది కదా. యుద్ధం చేసిందల్లా వేగం పెంచడం. యుద్ధం అయిన రెండేళ్లకు, 1867లో, వాషింగ్టన్ నేషనల్స్ అనే పేరున్న జట్టు రైళ్లెక్కి పడమటి ఊళ్లలో ఆడుతూ వచ్చింది. పెద్ద పెద్ద జట్లను చిత్తు చేసింది. ఒకే ఒక్క మ్యాచ్ ఓడింది, ఇల్లినాయిలోని రాక్‌ఫర్డ్ అనే ఊరి జట్టు చేతిలో, 29-23 స్కోరుతో. ఆ రోజు రాక్‌ఫర్డ్‌కు బంతి వేసినవాడికి ఇంకా పదిహేడేళ్లు నిండలేదు. బైరన్ అనే పల్లెలో పుట్టిన కుర్రాడు. పేరు ఆల్బర్ట్ స్పాల్డింగ్.

స్కోరు చూసి కంగారు పడకండి. అప్పటి బేస్‌బాల్ అలాగే ఉండేది. చేతికి గ్లవ్ లేదు, నేల గతుకులు, బంతిని చెయ్యి కింద నుంచే విసరాలి. 1860ల మధ్యదాకా ఒకసారి నేలను తాకి లేచిన బంతిని పట్టినా ఔటే, మన గల్లీ క్రికెట్‌లో ఒన్ పిచ్ క్యాచ్ లాగా. చిన్న ఊళ్లలో ఇంకా పెద్ద స్కోర్లు వచ్చేవి.

ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు క్రికెట్ కూడా తెచ్చారు. అది పల్లెల్లో ఎందుకు నిలవలేదు అన్నదానికి రకరకాల వివరణలున్నాయి. నాకు సబబుగా తోచేది నేల. క్రికెట్‌లో బంతి నేల మీద పడి లేవాలి, అంటే చదును చేసిన పిచ్ కావాలి, దానికి రోలరు, నీళ్లు, చూసే మనిషి. బేస్‌బాల్‌లో బంతి గాల్లోనే వస్తుంది. గడ్డి కోసిన ప్రెయిరీ మైదానం చాలు. పైగా రెండు మూడు గంటల్లో అయిపోతుంది, పశువులకు మేత వేసే వేళకు ఇంటికి చేరొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మిన్నెసోటా, డకోటా ప్రాంతాల్లో ఒక్కో చిన్న ఊరికి ఒక్కో జట్టు ఎందుకు పుట్టింది? సమాధానం రైలు పట్టాల్లో ఉంది. ఆ మైదానాల్లో చాలా ఊళ్లు మన ఊళ్లలా చెరువు చుట్టూ, గుడి చుట్టూ వందల ఏళ్లలో పెరిగినవి కావు. రైల్వే కంపెనీలు పట్టాలు వేస్తూ, కొన్ని మైళ్లకో స్టేషను చొప్పున గీతలు గీసి పుట్టించిన ఊళ్లు. రైతు గోధుమ బండి తోలుకొచ్చి, గింజల ఎలివేటర్ (ధాన్యం నిల్వచేసే ఎత్తైన గోదాము) దగ్గర అమ్మి, చీకటిపడేలోపు ఇంటికి వెళ్లగలగాలి. ఆ లెక్కతో స్టేషన్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఫలితంగా ఒకేలాంటి ఊళ్లు వరసగా: ఒక ఎలివేటర్, ఒక బ్యాంకు, ఒక కొట్టు, రెండు మూడు చర్చీలు. పక్క ఊరికీ మనకూ తేడా ఏమిటి? రైతు ఈ ఎలివేటర్‌కే ఎందుకు రావాలి, ఆ ఊరికి ఎందుకు పోకూడదు? కొత్త డాక్టరు ఇక్కడే ఎందుకు స్థిరపడాలి?

ఆ పోటీలో ఓడిన ఊరు నినింజర్ లాగే మాయమైపోయేది. కౌంటీ కార్యాలయం ఎక్కడుండాలన్నదాని మీద కూడా ఊళ్లు కొట్టుకున్న రోజులవి. కాబట్టి కొట్టువాళ్లు, బ్యాంకువాళ్లు, స్థానిక పత్రిక ఎడిటరు జేబులో డబ్బు తీసి జట్టుకు యూనిఫాం కుట్టించేవాళ్లు. చొక్కా మీద ఆటగాడి పేరుండదు, ఊరి పేరుంటుంది. గెలిచిన వార్త నాలుగు ఊళ్ల పత్రికల్లో వస్తే ఊరి పేరు నాలుగు చోట్ల అచ్చయినట్టే. ప్రత్యేక రైళ్లలో ఊరికి ఊరే బ్యాండు మేళంతో పక్క ఊరికి తరలి వెళ్లేది. రైల్వేకి టికెట్ల డబ్బు, ఆతిథ్యమిచ్చిన ఊళ్లో హోటళ్లకు గిరాకీ.

ఇంత పరువు ముడిపడ్డాక, ఆట డబ్బుకు దూరంగా ఉంటుందా? ఇక్కడే రెండో ముడి, అమెచ్యూర్ అన్న మాట. అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాడు.

1858లో ఏర్పడిన ఆటగాళ్ల జాతీయ సంఘం డబ్బు తీసుకుని ఆడటాన్ని నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉండేది. రాక్‌ఫర్డ్ గెలుపు చూసిన షికాగో క్లబ్బు స్పాల్డింగ్‌ను పిలిచి, కిరాణా హోల్‌సేల్ దుకాణంలో వారానికి 40 డాలర్ల గుమాస్తా ఉద్యోగం ఇప్పించింది. మామూలు గుమాస్తా కలలో కూడా చూడని జీతమది. ఆ డబ్బు లెక్కలు రాయడానికి కాదని అందరికీ తెలుసు. ఆ దుకాణం దివాలా తీయడంతో కుర్రాడు రాక్‌ఫర్డ్‌కు తిరిగొచ్చాడు. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ ముసుగు తీసేసి అందరికీ బాహాటంగా జీతాలిచ్చింది. అక్కడి నుంచి పెద్ద పట్నాల ఆట వృత్తిగా మారిపోయింది. చిన్న ఊళ్లు మాత్రం స్పాల్డింగ్ పద్ధతిలోనే ఉండిపోయాయి. క్రీమరీలో (పాల నుంచి వెన్న తీసే కర్మాగారంలో) ఉద్యోగం, గ్యారేజీలో ఉద్యోగం, లేదా మ్యాచ్ అయ్యాక చేతిలో పెట్టిన నోట్లు.

అందరికీ ఇచ్చే స్తోమత ఊరికి లేదు. అవసరమూ లేదు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్, బ్యాటర్ వెనక కూర్చుని దాన్ని పట్టే క్యాచర్, ఈ ఇద్దరినీ కలిపి బ్యాటరీ అంటారు. మంచి పిచ్చర్ ఒక్కడుంటే ప్రత్యర్థి బ్యాటర్లకు బంతి తగలనే తగలదు, మిగతా ఏడుగురు ఊరి కుర్రాళ్లయినా నెట్టుకురావచ్చు. అందుకే కిరాయికి తెచ్చేది ఎక్కువగా బ్యాటరీనే. పాత పత్రికల్లో చిన్న ఊళ్ల మ్యాచ్ వార్త మూడు లైన్లే ఉన్నా, అందులో స్కోరు తర్వాత బ్యాటరీల పేర్లు తప్పకుండా ఉంటాయి. మిగతావాళ్లు ఎవరన్నది ఊళ్లోవాళ్లకు తెలిస్తే చాలు. పందేలు కూడా ఆ ఇద్దరిని చూసే కాసేవాళ్లు.

ఇలా పైనుంచి తెచ్చినవాణ్ణి రింగర్ అనేవారు. ఎదుటి ఊరు తెస్తే మోసం, మనం తెస్తే ముందుచూపు. మన దగ్గర సంక్రాంతి టోర్నమెంట్లలో ఫైనల్ రోజు పొద్దున బైక్ మీద దిగే కొత్త ఫాస్ట్ బౌలర్‌ను చూసినవాళ్లకు దీని గురించి నేను పెద్దగా చెప్పక్కర్లేదు. "మా మేనమామ కొడుకు, సెలవులకొచ్చాడు" అనే సంజాయిషీ కూడా తెలిసిందే.

ఈ రింగర్ల కథలోనే అమెరికా జాతి చరిత్ర కూడా వచ్చి కలుస్తుంది. 1887 జూలైలో ఇంటర్నేషనల్ లీగ్ అనే వృత్తి లీగులోని క్లబ్బులు ఇక మీదట నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు చేసుకోకూడదని ఓటు వేశాయి. ఆ తర్వాత వృత్తి లీగులన్నీ తలుపులు మూసేశాయి. అంటే మేజర్ లీగ్‌లో, దేశంలో అన్నిటికన్నా పై స్థాయి వృత్తి పోటీలో, ఆడగల సత్తా ఉన్న మనుషులు ఊరూరా తిరిగి ఆడి బతకాల్సి వచ్చింది. మిషిగన్‌లోని ఏడ్రియన్ అనే ఊళ్లో పేజ్ ఫెన్స్ జెయింట్స్ అనే నల్లజాతి జట్టు 1895లో మొదలైంది. రైతులకు ఇనుప తీగల కంచె అమ్మే కంపెనీ దాన్ని పోషించింది. వాళ్లు సొంత రైలు బోగీలో తిరిగేవాళ్లు. మ్యాచ్‌కు ముందు సైకిళ్ల మీద ఊరేగింపు తీసేవాళ్లు. ఆట ముగిసేసరికి కంచె పేరు జిల్లా అంతా తెలిసిపోయేది.

ఆ జట్టులో ఆడిన జార్జ్ విల్సన్, బిల్లీ హాలండ్ 1900లో మిన్నెసోటాలోని వాసీకా అనే చిన్న ఊరికి ఆడారు. ఆ జట్టు పేరు ఈకో. ఊళ్లోని పిండిమిల్లు కంపెనీ పేరులోని పొడి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది, వాళ్ల గోధుమపిండి బ్రాండూ అదే. ఆ ఏడు వాసీకా రాష్ట్ర ఛాంపియన్‌గా చెప్పుకుంది. పిండి బస్తా మీదా, ఆటగాడి చొక్కా మీదా ఒకే పేరు. 1902లో వాల్టర్ బాల్ అనే నల్లజాతి పిచ్చర్ సెయింట్ క్లౌడ్‌కు ఆడాడు.

అందరికన్నా పెద్ద ఉదాహరణ జాన్ డొనాల్డ్‌సన్. మిసోరీలోని గ్లాస్గోలో పుట్టిన ఎడమచేతి పిచ్చర్. 1912లో జె. ఎల్. విల్కిన్‌సన్ మొదలుపెట్టిన ఆల్ నేషన్స్ అనే సంచార జట్టులో, అన్ని జాతులవాళ్లతో కలిసి మధ్య పశ్చిమ రాష్ట్రాల పల్లెలన్నీ తిరిగాడు. 1920లో నల్లజాతివాళ్ల సొంత లీగు మొదలైతే కాన్సస్ సిటీ మొనార్క్స్‌కు ఆడాడు. అలాంటివాడు 1924లో మిన్నెసోటాలో బెర్తా అనే, కొన్ని వందల జనాభా ఉన్న ఊరికి వెళ్లాడు. జీతం నెలకు 325 డాలర్లు. బెర్తాలో ఉన్నదల్లా చుట్టూ పాడి రైతులు, పక్క ఊళ్లతో పోటీ. కానీ డొనాల్డ్‌సన్ వేస్తున్నాడంటే పల్లెల నుంచి కార్లు కట్టుకుని వేలమంది వచ్చేవాళ్లు, గేటు డబ్బుతో జీతం తిరిగొచ్చేది. పరిశోధకులు చిన్న ఊళ్ల పాత పత్రికలు ఒక్కొక్కటే తిరగేసి లెక్కగట్టిన ప్రకారం అతను కెరీర్ మొత్తంలో 400కు పైగా మ్యాచ్‌లు గెలిచాడు, 5,000కు పైగా బ్యాటర్లను స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. మూడు లైన్ల వార్తల్లో బ్యాటరీల పేర్లు వేసే అలవాటు లేకపోతే ఆ లెక్కలో ఎంత దక్కేదో!

ఇది చదివి ఆ పల్లెలు జాతి భేదం తెలియని స్వర్గాలు అనుకుంటే తప్పు. డొనాల్డ్‌సన్ బెర్తాకు రావడానికి నాలుగేళ్ల ముందే, 1920 జూన్‌లో, అదే మిన్నెసోటాలోని డులూత్ పట్నంలో సర్కస్‌తో వచ్చిన ముగ్గురు నల్లజాతి యువకులను అబద్ధపు ఆరోపణ మీద జనం జైలు నుంచి లాక్కొచ్చి ఉరితీశారు. బెర్తావాళ్లకు కావాల్సింది గెలుపు. ఆ గెలుపు ఎంత ముఖ్యమంటే, పెద్ద లీగులు పాటిస్తున్న నియమాన్ని కూడా పక్కన పెట్టేంత. అంతకుమించి మంచితనాన్ని వాళ్లకు అంటగట్టడానికి నాకు మనసొప్పదు. అలాగని ఆ ఊరి పిల్లలు ఆదివారం ఆదివారం ఎవరి పేరు పెట్టి కేకలు వేశారన్నది చిన్న విషయమూ కాదు.

ఈ పద్ధతి పతాకస్థాయికి చేరింది పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో. పదకొండు వేల జనాభా ఉన్న బిస్మార్క్‌లో నీల్ చర్చిల్ అనే కార్ల డీలరు 1933లో సాచెల్ పేజ్ అనే పేరుమోసిన నల్లజాతి పిచ్చర్‌ను తీసుకొచ్చాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఆడిన ఆ జట్టు 1935లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో జరిగిన మొదటి జాతీయ సెమీ ప్రొఫెషనల్ (సగం వృత్తిగా ఆడే జట్ల) టోర్నమెంటు గెలిచింది. నల్లజాతివాళ్లకు మూసిన తలుపును తెరిచిన జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి ఇంకా పన్నెండేళ్లుంది.

ఆదివారం అన్నాను కదా, అదీ ఒక పేచీయే. రైతుకు ఖాళీ దొరికే రోజు అదొక్కటే. కానీ న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబాలకు ఆదివారం ఆట అంటే పాపం, అప్పట్లో చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా ఒప్పుకునేది కాదు. జర్మన్ కాథలిక్కులకు అంత పట్టింపు లేదు: పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం ఆట, సాయంత్రం బీరు. సెయింట్ క్లౌడ్ చుట్టుపక్కల జర్మన్ పల్లెలు ఇప్పటికీ బేస్‌బాల్‌కు పెట్టింది పేరు. మిన్నెసోటా 1909లో, ఊరి ప్రశాంతతకు భంగం కలగకుండా ఆడుకోవచ్చు అంటూ ఆదివారం బేస్‌బాల్‌ను చట్టబద్ధం చేసింది. న్యూయార్క్ 1919 దాకా, పెన్సిల్వేనియా 1933 దాకా ఆగాయి.

1924లో మిన్నెసోటా రాష్ట్ర అమెచ్యూర్ టోర్నమెంటు మొదలైంది. అప్పటి నుంచి "మనవాడు అంటే ఎవరు" అన్న పాత గొడవ సంఘం రూల్ బుక్కులోకి ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉప్పెనలా పెరిగి 1950లో రాష్ట్రంలో 799 జట్లు నమోదయ్యాయి. ఇంచుమించు రైలు స్టేషను ఉన్న ప్రతి ఊరికీ ఒకటి! తర్వాత టీవీ వచ్చింది, 1961లో మేజర్ లీగ్ జట్టు ట్విన్స్ వచ్చింది, జీతాలిచ్చే ఊళ్లు అప్పుల్లో పడ్డాయి. జట్లు బాగా తగ్గినా ఇప్పటికీ కొన్ని వందలున్నాయి.

టోర్నమెంటు కూడా ఏటా జరుగుతూనే ఉంది. ఆటగాడు తన జట్టు ఊరికి 30 మైళ్ల లోపు ఉండాలని నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మ్యాపు తీసి కొలుస్తారు. దాంతోపాటు ఇంకో నియమం ఉంది. రాష్ట్ర టోర్నమెంటుకు అర్హత సాధించిన జట్టు, ఓడి ఇంటిదారి పట్టిన చుట్టుపక్కల జట్ల నుంచి ముగ్గురు ఆటగాళ్లను అరువు తెచ్చుకోవచ్చు. ముగ్గురూ పిచ్చర్లే.